70,000 అడుగుల పైనుంచి: ఒక ఫిల్మ్ చుట్ట ఆత్మకథ

నేనొక ఫిల్మ్ చుట్టను. నా వెడల్పు 9.5 అంగుళాలు. అమెరికా యూ-2 గూఢచారి విమానం కడుపులో, జేమ్స్ బేకర్ రూపొందించిన 36 అంగుళాల ఫోకల్ లెంగ్త్ లెన్స్ వెనక నేనూ నా జంట చుట్టా పక్కపక్కన ఉండేవాళ్లం. నేను ముందు నుంచి వెనక్కి జరుగుతుంటే అది వెనక నుంచి ముందుకు జరిగేది. ఇద్దరం ఒకే వైపుకు చుట్టుకుంటే బరువు అటు చేరి విమానం తూకం తప్పుతుంది. అంత సున్నితమైన విమానం అది. పలచటి గాలిలో కాస్త నెమ్మదిస్తే రెక్కలకు పట్టు పోతుంది, కాస్త వేగం పెరిగితే విమానమే విరిగిపోవచ్చు. ప్రెషర్ సూటు బిగించుకున్న పైలట్ ఆ ఇరుకులోనే గంటల తరబడి నడపాలి.

1962 అక్టోబరు 13 రాత్రి మేజర్ రిచర్డ్ హేసర్ మమ్మల్ని తీసుకుని కాలిఫోర్నియాలోని ఎడ్వర్డ్స్ స్థావరం నుంచి బయలుదేరారు. తెల్లవారాక క్యూబా పశ్చిమ భాగాన్ని దాటారు. ద్వీపం మీద ఉన్నది కొద్ది నిమిషాలే. ఆ కాసేపట్లో 928 ఫొటోలు తీశాం.

అంతకు ముందు దాదాపు ఐదు వారాలు ఆ ప్రాంతం మీదుగా ఏ యూ-2నూ పంపలేదు. అక్కడ ఎస్‌ఏ-2 అనే విమాన విధ్వంసక క్షిపణులు మోహరించి ఉన్నాయి. 1960లో గ్యారీ పవర్స్ నడిపిన యూ-2ను సోవియట్ గడ్డ మీద కూల్చినవి అవే. మళ్లీ అలాంటిది జరిగితే ఎలా అని వాషింగ్టన్ జంకింది. ఆ జంకుకు కారణం ఉంది. కానీ ఆ వారాల్లోనే అసలు సోవియట్ క్షిపణులు క్యూబాలో ఓడల్లోంచి దిగాయి.

నన్ను కడిగి, వాషింగ్టన్‌లో ఒక కార్ల దుకాణం పై అంతస్తుల్లో ఉన్న ఫొటో విశ్లేషణ కేంద్రానికి చేర్చారు. నా కథలో అసలు ఘట్టం ఇదే అంటాను. అక్టోబరు 15న ఆర్థర్ లుండాల్ బృందం నన్ను వెలుగు బల్ల మీద పరిచింది. క్యూబాలోని శాన్ క్రిస్టొబాల్ దగ్గర చెట్ల మధ్య గుడ్డ కప్పిన పొడవాటి వస్తువులు కనిపించాయి. కొలిస్తే 65 అడుగులు దాటాయి. ఎస్‌ఏ-2 అంత పొడవుండదు. మాస్కో కవాతుల్లో తీసిన ఫొటోలు తెచ్చి పోల్చారు. సోవియట్ సైన్యంలోనే ఉండి పాశ్చాత్య దేశాలకు రహస్యాలు అందించిన ఒలెగ్ పెన్కోవ్‌స్కీ పంపిన క్షిపణి వివరాలూ ముందుంచుకున్నారు. అప్పుడు తేలింది: అవి ఎస్‌ఎస్-4లు, సుమారు 2,000 కిలోమీటర్ల దూరం కొట్టగల అణు క్షిపణులు. మర్నాడు అధ్యక్షుడు కెన్నెడీకి చూపించారు. తన కంటికి అది పొలం కోసం చదును చేసిన నేలలాగే కనిపించిందని ఆయన తమ్ముడు రాబర్ట్ కెన్నెడీ తర్వాత రాసుకున్నారు. నిజమే. నేను చూపగలనే తప్ప చెప్పలేను. ఆ బల్ల దగ్గర కళ్లు కాయలు కాసేలా కూర్చున్నవాళ్లు లేకపోతే నేను ఉత్త నలుపు తెలుపు మచ్చలను.

మాలో అందరూ బల్ల దాకా చేరలేదు. అక్టోబరు 27న క్యూబాలోని బానెస్ దగ్గర మేజర్ రుడాల్ఫ్ ఆండర్సన్ యూ-2ను ఎస్‌ఏ-2 కూల్చింది. ఆయన ప్రాణం పోయింది. కూల్చమన్నది సోవియట్ నేత క్రుశ్చేవ్ కాదు, అక్కడి సోవియట్ కమాండర్లే తేల్చుకున్నారు. మర్నాడే క్షిపణులు వెనక్కి తీసుకుంటామని క్రుశ్చేవ్ ప్రకటించారు.

యుద్ధాన్ని ఆపింది మేమేనని పొగుడుతుంటే నాకు భయమేస్తుంది. ద్వీపంలో సోవియట్ సైనికులు 40,000కు పైగా ఉన్నారు. అమెరికా వేసుకున్న లెక్క అందులో చిన్న భాగమే. దండెత్తి వచ్చే సేన మీద ప్రయోగించడానికి చిన్న అణ్వాయుధాలు కూడా అక్కడ సిద్ధంగా ఉండేవి. వాటిని మేం పట్టలేదు. వాషింగ్టన్‌లో దాడి చెయ్యాలని వాదించినవాళ్లకూ అవి ఉన్నాయని తెలియదు. 1992లో హవానాలో జరిగిన సమావేశంలో సోవియట్ జనరల్ గ్రిబ్‌కోవ్ ఆ సంగతి చెప్పారు. వింటున్నవాళ్లలో, 1962లో అమెరికా రక్షణ మంత్రిగా ఉన్న రాబర్ట్ మెక్‌నమారా ఒకరు.