గోడకాగితానికి టీకా తాత్పర్యం

మూలం: జపానులో చదువుతూ సంపాదించండి! సీట్లు పరిమితం!

అవతారిక: ఈ మహావాక్యం ములకలపల్లి సెంటర్‌లో, బస్సు కోసం నిలబడేచోట, ఎరువుల ప్రకటన మీద అంటించి ఉంది. కర్త పేరు లేదు, ఫోన్ నంబరు మాత్రం మూడుచోట్ల ఉంది. మూలంలో లేనిదీ, అక్కర్లేనిదీ రాయనని కావ్యవ్యాఖ్యాత కోలాచలం మల్లినాథసూరి ప్రతిన పట్టాడు. నాకంత నిగ్రహం లేదు. పైగా ఈ మూలంలో ఉన్నదే బహు స్వల్పం. మాది 'మూలము కల పల్లె' గనకే ఇంతటి మూలం ఇక్కడ వెలసిందని వ్యుత్పత్తి చెప్పబోతే, పక్కింటి ముసలమ్మ "ములకంటే ముళ్లచెట్టు సారూ" అని ఒక్క ముక్కలో ఖండించింది. ఆమె పాఠమే గ్రాహ్యమని తోస్తోంది.

ప్రతిపదార్థం: జపానులో అనగా జపానులో. సీట్లు అనగా సీట్లు. చిక్కంతా 'చదువుతూ' దగ్గర.

విశేషం: 'చదువుతూ' శత్రర్థకం, అసమాపకక్రియ. తనంతట తాను వాక్యాన్ని ముగించలేదు, సమాపకక్రియకు బంటు. రసవత్తరమైన సంగతేమంటే, జపనీసు కూడా మన భాషలాగే కర్త, కర్మ, క్రియ అనే వరుసలో నడుస్తుంది. విభక్తులు నామం వెనకే తగులుకుంటాయి. మన 'అని'కి వాళ్లకు 'తొ' ఉంది. మన 'తూ'కు 'నగర' ఉంది. (నగరంతో దీనికి సంబంధం లేదు, పిల్లలు పోయేది నగరానికే అయినా.) 'బెంక్యో షినగర హతరకు' అంటే చదువుతూ పనిచేయడం. అక్కడి వ్యాకరణం మొహమాటం లేకుండా చెబుతుంది: 'నగర' తగిలింది ఉపక్రియ, చివర నిలిచింది ప్రధానక్రియ. పని ప్రధానం, చదువు దాని వెనక. చదువే ప్రధానం కావాలంటే క్రియలు తారుమారు చేయాలి.

ఈ కాగితం నమ్మి వెళ్లిన మా వీధి కుర్రాడు టోక్యోలో, భాష నేర్పే బడిలో ఈ పాఠం విన్న రాత్రే ఫోన్ చేశాడు. నాకు తొమ్మిది, అతనికి పన్నెండున్నర. "సార్, కాగితం అబద్ధం చెప్పలేదండీ. మనమే తెలుగు సరిగా చదవలేదు."

అతను పనిచేసేది 'కొంబిని' అనే, రాత్రీ పగలూ మూయని కొట్లో. రాత్రి పది నుంచి తెల్లారి అయిదు దాకా కూలి పావువంతు ఎక్కువ. పొద్దున బడిలో బల్లమీద తల వాల్చడం ఆ పావువంతు ఫలితం.

'సంపాదించండి': చదువుకు వెళ్లినవాడికి అక్కడిచ్చే పని అనుమతికి హద్దు వారానికి 28 గంటలు, బడికి దీర్ఘసెలవులైతే రోజుకు 8. నక్షత్రాలు 27, అభిజిత్తుతో 28 గనక ఈ నియమం జ్యోతిషమూలకమని నా ఊహ. ఆ అనుమతి పేరును తెలుగు చేస్తే 'అర్హతకు వెలుపలి పనికి అనుమతి' అవుతుంది. ఇంత నిజాయతీగల పేరు నేను ఏ కావ్యంలోనూ చూడలేదు. 2024 అక్టోబరులో టోక్యోలో కనీస వేతనం గంటకు 1,163 యెన్‌లు అయింది. నాలుగు వారాలకు లెక్కకడితే 1,30,256. గది అద్దె, ఆరోగ్యబీమా, బడి ఫీజు, బియ్యం, ఇంటికి పంపవలసిన వడ్డీ అన్నీ అందులోంచే.

అలంకారం: అతిశయోక్తి అనుకున్నాను. కాదు, అప్పు. కుర్రాడి తండ్రిది పోడు భూమి. 2006 అటవీహక్కుల చట్టం ప్రకారం ఆ పట్టా వారసులకు వస్తుంది గానీ అమ్మకానికి చెల్లదు. దాన్ని చూసి బ్యాంకు అప్పివ్వలేదు. ఎడ్లు పోయాయి, పుస్తెలు తప్ప బంగారం పోయింది, మిగతాది నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. తునికాకు కట్టకు 50 ఆకులు. ఒక్కటి తగ్గినా ఆకు కొనే కల్లేదారు కట్ట విసిరికొడతాడు. అలాంటి లెక్కలో తల నెరిసిన మనిషి, ఈ కాగితం మీద ఫోన్ నంబరు తప్ప మరో అంకె లేదని గమనించలేదు. పక్కనే నిలబడి చదివి వినిపించిన నేనూ గమనించలేదు.

తాత్పర్యం: సంపాదించడానికి వెళ్లి, నిద్ర మిగిలితే చదువుకోండి.

మూలకర్తకు మనవి: వానలకు ఈ కాగితం ఎలాగూ ఊడిపోతుంది. కొత్తది అచ్చు వేయించేటప్పుడు 28 అనే అంకెను మీ ఫోన్ నంబరు పక్కన, అదే సైజులో, మూడుచోట్లా వేయించగలరు.