కష్టాన్ని ఇంగ్లీషులో చెప్పుకోవడం ఎలా?

తెలుగులో మనకు ఒక్క ‘కష్టం’ చాలు. లెక్క కష్టం, సంసారం కష్టం, రేపు మీ ఇంటికి రావడం కష్టం. ఇంగ్లీషులో ఈ పొదుపు కుదరదు. అక్కడ కష్టాలకు హోదాలున్నాయి.

పని మీ నెత్తిన పడితే ‘డిఫికల్ట్’. అదే పనిని పక్కవాడి నెత్తిన పెట్టాలంటే ‘ఛాలెంజింగ్’. మేనేజరు ఈ మాట నవ్వుతూ అన్నాడంటే ఆదివారం సినిమా టికెట్లు ఎవరికైనా ఇచ్చేయండి. ‘ఛాలెంజ్’కి లాటిన్ మూలం అబద్ధపు నేరారోపణ అని అర్థమిచ్చే పదం. కాబట్టి మీ అనుమానం అనుమానం కాదు, భాషాశాస్త్రం.

మనుషుల దగ్గర ఇంకా జాగ్రత్త. మీ మామగారు ‘టఫ్’, పక్కింటాయన మామగారు ‘డిఫికల్ట్’. ఇద్దరూ చేసేది ఒకటే అయినా సరే.

‘ఆర్డ్యుయస్’ అంటే లాటిన్‌లో నిట్టనిలువు. అలిపిరి దారిలో మోకాళ్ల పర్వతం ఎక్కినవాళ్లకు ఆ మాట వాడే హక్కుంది, బస్సులో కొండెక్కినవాళ్లకు లేదు. ఒళ్లు హూనమయ్యేది ‘స్ట్రెన్యుయస్’. డాక్టరు వద్దన్నారని చెప్పి బియ్యం బస్తా తప్పించుకోవడానికి అక్కరకొస్తుంది. ఒంటికన్నా ఓపికను తినేది ‘లేబోరియస్’: ఐదు కిలోల చింతపండు ముందేసుకుని గింజలు తీయడం లాంటిది. దాన్నుంచి తప్పించుకునే ఇంగ్లీషు మాట ఇంకా పుట్టలేదు.

ఇక ప్రయత్నం. ‘ట్రై చేస్తానండీ’ అంటే రానని. శుభలేఖలు పంచి పండినవాళ్లు ఈ మాట విన్న ఇంటికి విస్తళ్లు లెక్కేయరు. ‘అటెంప్ట్’ అంటే ప్రయత్నమే, కాకపోతే ఎక్కువగా తప్పినవాటికే వాడతారు. దర్జాగా ఉండాలంటే ‘ఎండీవర్’ అనండి, రాయకండి. ఆ పేరున్న అంతరిక్ష నౌక 2007లో ఎగరబోతుంటే, ప్రయోగ వేదిక దగ్గర కట్టిన బ్యానరు మీద నాసావాళ్లే ‘యు’ అక్షరం మింగేశారు.

అన్నిటికన్నా ప్రమాదం ‘హార్డ్’. దాని వెనక ‘లీ’ తగిలిస్తే ఒళ్లు వంచి చేసిన పని కాస్తా చేయని పని అయిపోతుంది. పాత కంపెనీలో రెండేళ్లు ‘హార్డ్‌లీ’ పనిచేశానని నేనొకసారి అర్జీలో రాసి, కింద సంతకం కూడా పెట్టాను. ఇంటర్వ్యూలో ఆ వాక్యం కింద ఎర్రగీత కనపడింది. టీ ఇచ్చి పంపేశారు.