మా రోజుల్లో కెమెరా బిగించాలంటే

ఇప్పటి పిల్లలకు చెయ్యి వేగం ఎక్కువ, ఆ మాట ఒప్పుకుంటా. పొద్దున డ్రిల్లింగ్ మిషన్ పట్టుకొని వస్తారు, మధ్యాహ్నానికి నాలుగు కెమెరాలు గోడెక్కుతాయి. సేటు ఫోన్లో బొమ్మ కనబడగానే పైసలు కూడా ఫోన్లోనే పడతాయి, బండెక్కి పోతారు. మళ్లీ ఆ గడప తొక్కేది దొంగతనం జరిగినప్పుడే. అప్పుడు డీవీఆర్ తెరిస్తే లోపల హార్డ్‌డిస్కు ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. ఎన్నడు చచ్చిందో చెప్పేవాడుండడు. నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, అచ్చంపేట, ఎక్కడికి పోయినా ఇదే కథ విని విని నాకు కడుపు మండుతోంది.

మా రోజుల్లో బంగారం దుకాణానికి కెమెరా అంటే నలుపు తెలుపు బొమ్మ, గల్లా పెట్టె పక్కన బరువైన టీవీ డబ్బా, దాని కింద టైమ్‌లాప్స్ వీసీఆర్. మూడు గంటల క్యాసెట్టును సాగదీసి, సెకనుకు కొన్ని బొమ్మలు మాత్రమే పడుతూ, ఇరవై నాలుగు గంటలు నడిపేది. మనిషి నడుస్తుంటే ఎగిరెగిరి పడ్డట్టు కనిపించేవాడు, ముఖం సగం తెలిసేది, సగం తెలియకపోయేది. కానీ రోజూ పొద్దున దుకాణం తెరవగానే ఎవరో ఒకరు నిన్నటి క్యాసెట్టు తీయాలి, దాని మీద తారీఖు రాయాలి, కొత్తది పెట్టాలి. రికార్డు పడిందా లేదా అని కొంచెం తిప్పి చూడాలి. వీసీఆర్ తలకు మురికి పట్టి బొమ్మ మీద గీతలు వస్తే అదే రోజు కబురొచ్చేది, మేం పోయి తల శుభ్రం చేసి వచ్చేవాళ్లం. ఆ క్యాసెట్టు మనిషిని రోజుకొక్కసారైనా పెట్టె ముందు కూర్చోబెట్టేది. హార్డ్‌డిస్కు వచ్చాక ఆ పని పోయింది, ఆ పనితోపాటు చూపు కూడా పోయింది. డిస్కు పాడైతే డీవీఆర్ కీచుమని అరుస్తుంది, నిజమే. గిరాకీలకు ఇబ్బందని ఆ అరుపును మొదటి వారమే మ్యూట్ చేయిస్తారు.

ఇక వైరు సంగతి. త్రీప్లస్‌వన్ కేబుల్ అని అందరూ అడిగి కొంటారు, లోపల అసలు రాగి ఉందా, రాగి పూసిన అల్యూమినియమా అని ఒక్కడూ కొన గీకి చూడడు. రైస్‌మిల్లులో గేటు కెమెరా ఆఫీసు గదికి చాలా దూరం ఉంటుంది. గదిలో పన్నెండు వోల్టుల సప్లై పెట్టి సన్న వైరు లాగితే పగలంతా బొమ్మ అద్దంలా వస్తుంది. చీకటి పడగానే కెమెరా తన ఐఆర్ దీపాలు వెలిగించుకుంటుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది, వైరులోనే వోల్టేజీ కరిగిపోతుంది. చివర పది వోల్టులు కూడా మిగలకపోవచ్చు. కెమెరా ఆగుతుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ ఆగుతుంది. కాపలా కావలసిన రాత్రే అది గుడ్డిది. పిల్లలేమో పగలొచ్చి చూసి "మంచిగనే ఉంది గద సేటూ" అని పోతారు. ఒకసారి రాత్రిపూట నిచ్చెనెక్కి, దీపాలు వెలిగాక, కెమెరా దగ్గరి డీసీ పిన్‌లో మీటర్ పెట్టి చూస్తే రెండు నిమిషాల్లో తేలే జబ్బు. దానికి కెమెరా మార్చి, అడాప్టర్ మార్చి, చివరికి డీవీఆర్ కూడా మార్పించినవాళ్లను చూశాను. లావు వైరు లాగాలి, లేదా గేటు దగ్గరే సప్లై ఇవ్వాలి. ఐపీ కెమెరా అయితే నెట్‌వర్కు కేబులుకు వంద మీటర్ల హద్దు ఉంది, దాన్ని కూడా దాటించి "నెట్ స్లో" అంటారు.

మన నేల గురించి కూడా వీళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు. నల్లగొండైనా పాలమూరైనా మూరెడు మొరం తవ్వితే పరుపుబండ తగులుతుంది. ఇక్కడ ఎర్తు అంత సులువుగా దొరకదు. గుంత లోతుగా తీసి బొగ్గు, ఉప్పు వేసి, ఎండాకాలం పొడుగునా నీళ్లు పోస్తుండాలి. తొలకరికి ముందొచ్చే గాలిదుమారంలో పిడుగు ఎక్కడో చెట్టు మీద పడినా, ఆరుబయట లాగిన వైరు పట్టుకొని వచ్చి డీవీఆర్ పోర్టులను కాల్చేస్తుంది. ఎర్రదుమ్ము అద్దానికి పడుతుంది. సాలీడు గూడు కడితే ఐఆర్ వెలుగు దానికే కొట్టి బొమ్మంతా తెల్లబారుతుంది. కోతులు వైరు పట్టుకొని ఊగుతాయి. బీఎన్‌సీ జాయింటును డబ్బాలో పెట్టకుండా టేపు చుట్టి వదిలేస్తే మొదటి వానకే నీరు దిగుతుంది. ఇవన్నీ తెలిసినవాడే ఇక్కడ మెకానిక్కు.

2013లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రత చట్టం వచ్చింది. జనం గుమిగూడే జాగల్లో కెమెరాలుండాలి, నెల రోజుల రికార్డు దాచాలి అన్నది. మంచి చట్టం. కానీ లెక్క వేసేవాడేడీ? రెండు మెగాపిక్సెళ్ల కెమెరా సెకనుకు రెండు మెగాబిట్లు రాస్తే రోజుకు 21 జీబీ పైనే. నాలుగింటికి 86 జీబీ. ఒక టీబీ డిస్కు పన్నెండు రోజులు కూడా రాదు, పాతదాని మీద కొత్తది రాసుకుంటూ పోతుంది. 2020 డిసెంబర్ 2న సుప్రీంకోర్టు పోలీసు ఠాణాలన్నిటా కెమెరాలు పెట్టి, పద్దెనిమిది నెలల రికార్డు ఉంచాలని చెప్పింది. అంత పెద్ద కోర్టు నెలల్లో లెక్కపెడుతుంటే మన ఫంక్షన్‌హాలు పదిరోజులతో సరిపెట్టుకుంటోంది.

గడియారం మరీ అన్యాయం. డీవీఆర్ లోపలి చిన్న బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తారీఖు ఎక్కడికో వెనక్కి పోతుంది. 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం నడుస్తోంది, రికార్డును కోర్టులో పెట్టాలంటే 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి. తప్పు తారీఖున్న బొమ్మ తీసుకొని కోర్టుకు పోయిన మనిషి అక్కడ ఎంత నలుగుతాడో, బ్యాటరీకి బేరమాడిన రోజు తెలియదు.

"నేను సైతం" అని పోలీసులు పిలిస్తే మన ఊళ్లల్లో జనం చందాలు వేసుకొని కెమెరాలు పెట్టించారు. కూలికి బొంబాయి, పుణె పోయినవాళ్లు కూడా ఊరి కోసం ఇచ్చారు. అది చిన్న సంగతి కాదు. కానీ ఒక ఊళ్లో బొడ్రాయి దగ్గరి స్తంభానికి నాలుగు కెమెరాలు వేలాడుతుంటే, కింద అరుగు మీది పెద్దాయన నాతో అన్నాడు: "అవి చూస్తలెవ్వు బిడ్డా, మేమే చూస్తున్నం." కొనడానికి చందా ఉంది, రిబ్బను కత్తిరించడానికి మనుషులున్నారు, కరెంటు బిల్లుకు, డిస్కుకు, ఏడాదికొకసారి నిచ్చెనెక్కే కూలికి పద్దు లేదు.

నేడొచ్చినవి అన్నీ చెడ్డవని నేననను. బత్తాయి తోటలో బోరు దగ్గర సోలార్ పలక, సిమ్ కార్డుతో కెమెరా పెట్టుకొని రైతు ఇంటినుంచే స్టార్టర్ డబ్బా చూసుకుంటున్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ పగలగొట్టి రాగి తీసుకుపోయే రాత్రులు ఎరిగినవాణ్ని, అది ఎంత ధైర్యమో నాకు తెలుసు. బండి నంబరు చీకట్లో చదవగలిగిన బొమ్మ మా క్యాసెట్టు కలలో కూడా ఇవ్వలేదు. అంత మంచి కన్ను చేతికిచ్చి, పాస్‌వర్డు మాత్రం డబ్బాలో వచ్చిందే వదిలేస్తారు. 2016లో మిరాయ్ అనే వైరస్ అలాంటి పాస్‌వర్డులతోనే లోకమంతా కెమెరాలను, డీవీఆర్‌లను లోబరుచుకుంది.

ఇప్పటికీ ఎవరైనా నన్ను పిలిస్తే ముందు ఒకటే అడుగుతా: "దీన్ని రోజూ ఎవరు చూస్తరు సేటూ?" ఒక మనిషి పేరు చెప్పిందాకా నేను రేటు చెప్పను. పేరు చెప్తే ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టుకొని నిన్న రాత్రి రెండు గంటల రికార్డు ఎట్ల తెరవాలో, గడియారం ఎట్ల కలపాలో, అద్దం ఏ గుడ్డతో తుడవాలో అతని చేత్తోనే చేయిస్తా. అది వచ్చాకే పైసలు తీసుకుంటా.