పనిలేని చేతికి బంగారు తొడుగు

ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో సీజన్ ముగియగానే ఒక గోల్‌కీపర్‌ని నిలబెట్టి బంగారు రంగు గ్లవ్ చేతిలో పెడతారు. దాని పేరు గోల్డెన్ గ్లవ్. ఆ ఫొటో బయటికి రాగానే టీవీ నిపుణులు, అభిమాన సంఘాలు, మన వాట్సాప్ పండితులు ముక్తకంఠంతో తీర్పు చెప్పేస్తారు: ఈ ఏటి మేటి కీపర్ ఇతగాడేనని! ఎలా తేల్చారయ్యా అంటే, ఎన్ని మ్యాచ్‌ల్లో ఒక్క గోలూ పడలేదో లెక్కపెట్టారట. అలా గోల్ పడని మ్యాచ్‌కే క్లీన్ షీట్ అని పేరు. క్లీన్ షీట్లు ఎవరికి ఎక్కువుంటే గ్లవ్ వాళ్లది. అంతకు మించి శాస్త్రమేమీ లేదు.

గోల్ ఎందుకు పడలేదో ఈ లెక్కకు అనవసరం. గాల్లోకి ఎగిరి పది బంతులు ఆపినా ఒకటే, తొంభై నిమిషాలూ గోల్‌పోస్టుకి ఆనుకుని ఆకాశంలో మబ్బులు చూసినా ఒకటే. దొంగలే రాని వీధిలో కునుకు తీసిన వాచ్‌మన్‌కి ఏటా శాలువా. రాత్రికి ముగ్గురు దొంగలతో కలబడి ఒకణ్ణి జారవిడిచినవాడికి మెమో.

ఈ అవార్డు 2004-05లో మొదలైంది. తొలి విజేత చెల్సీ కీపర్ పీటర్ చెక్. ఆ సీజన్‌లో అతనివి 24 క్లీన్ షీట్లు, ఆ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. చెక్ గొప్ప కీపర్, అందులో నాకు పేచీ లేదు. కానీ ఆ ఏడు అతని ముందు ఎవరున్నారో కూడా చూడాలిగా! జాన్ టెర్రీ, రికార్డో కర్వాలో, వాళ్లకు కాస్త ముందు మకలేలే. గీత బయట నిలబడి, గోల్ ఇవ్వడమంటేనే ఒళ్లు మండే కోచ్ మౌరిన్యో. 38 మ్యాచ్‌ల్లో చెల్సీ ఇచ్చిన గోల్స్ మొత్తం 15. పదిమంది కలిసి కాసిన కాపలాకి బహుమానం మాత్రం చేతులకు తొడుగులున్న ఒక్కడికి. సొమ్మొకడిది, సోకొకడిది.

2020 జులై 26 ఇంకా రంజుగా ఉంటుంది. సీజన్ చివరి రోజు. బర్న్‌లీ కీపర్ నిక్ పోప్, మాంచెస్టర్ సిటీ కీపర్ ఎడర్సన్ చెరి 15 క్లీన్ షీట్లతో సమంగా ఉన్నారు. పోప్ జట్టు 1-2తో బ్రైటన్ చేతిలో ఓడింది. సిటీకి ఎదురైందెవరు? నార్విచ్. పట్టికలో అట్టడుగున ఉండి, కింది డివిజన్‌కి టికెట్టు ఎప్పుడో ఖాయం చేసుకున్న జట్టు. స్కోరు 5-0, గ్లవ్ ఎడర్సన్‌కి. అంటే ఇంగ్లండ్‌లో మేటి కీపర్ ఎవరో ఆ ఏడు నార్విచ్ ఫార్వర్డ్‌ల చేతగానితనం తేల్చిందన్నమాట.

డేవిడ్ డి గియా దగ్గర కాస్త ఆగాలి. 2022-23లో మాంచెస్టర్ యునైటెడ్ తరఫున 17 క్లీన్ షీట్లు సాధించి గ్లవ్ కొట్టేశాడు. అదే సీజన్‌లో, అదే కీపర్ ఉండగానే, ఆగస్టులో బ్రెంట్‌ఫర్డ్ 4 గోల్స్ వేసింది. అక్టోబరులో సిటీ 6 వేసింది. మార్చిలో యాన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్ 7 వేసింది. కూడి చూడండి: మూడు మ్యాచ్‌ల్లో 17 గోల్స్! క్లీన్ షీట్లూ 17! ఇంత చక్కగా సరిపోయిన జమాఖర్చు మా ఆడిటరు కూడా చూపించలేడు. ఒక గోల్ పడినా, ఏడు పడినా ఈ అవార్డు కళ్లకు ఒకటే. రెండో గోల్ నుంచి ఏడో గోల్ దాకా అన్నీ ఉచితం. ఆ ఏడాది యునైటెడ్ సమర్పించుకున్న గోల్స్ 43. సిటీ, న్యూకాజిల్ ఇచ్చినవి చెరి 33. అయినా గ్లవ్ మాత్రం 43 దగ్గరికే నడిచి వెళ్లింది.

తర్వాత జరిగింది చూడండి. జూన్ 30న డి గియా కాంట్రాక్టు ముగిసింది. మేటి కీపర్‌ని క్లబ్బు కాళ్లావేళ్లా పడి ఆపిందా? లేదు, ఆంద్రే ఒనానాని తెచ్చుకుంది. పోనీ, మిగతా క్లబ్బులు అతని గుమ్మం ముందు బారులు తీరాయా? 2024 ఆగస్టులో ఇటలీ నుంచి ఫియరెంటినా పిలిచేదాకా, అంటే ఏడాదికి పైగా, ఏ జట్టూ లేకుండా ఉన్నాడు. గోల్డెన్ గ్లవ్‌ని ఊరంతా నమ్మవచ్చు గాక, గోల్‌కీపర్లను డబ్బిచ్చి కొనేవాళ్లు మాత్రం నమ్మరు.

లెక్కలు వద్దు, ఓట్లతో ఇచ్చేవి ఉన్నాయిగా అంటారా? ఉన్నాయి. ఏటా మేటి ఆటగాడికిచ్చే బాలన్ డి ఓర్ గెలిచిన గోల్‌కీపర్ చరిత్రలో ఒక్కడే, 1963లో లెవ్ యాషిన్. దాన్ని ఇచ్చే ఫ్రాన్స్ ఫుట్‌బాల్ పత్రిక 2019లో ఆయన పేరుతోనే కీపర్లకు వేరే ట్రోఫీ పెట్టింది. పెద్ద బహుమతి గెలిచినవాడి పేరుతో చిన్న బహుమతి పెట్టి, ‘ఇక మీరు ఇటు రానక్కర్లేదు’ అనడంలో ఎంత మర్యాద!

ఈ తంతు మన గడప దాకా కూడా వచ్చింది. 2022 మార్చి 20, గోవాలోని ఫటోర్డా స్టేడియం. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్లో హైదరాబాద్, కేరళ బ్లాస్టర్స్ 1-1తో సమమై షూటౌట్‌కి వెళ్లాయి. హైదరాబాద్ కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి కప్పు తెచ్చిపెట్టాడు. మరి ఆ సీజన్ గోల్డెన్ గ్లవ్ ఎవరికి? అవతలి గోల్‌లో నిలబడి ఓడిపోయిన ప్రభ్‌సుఖన్ గిల్‌కి! ఆ కుర్రాడి తప్పేం లేదు, సీజన్‌లో బాగానే ఆడాడు, నియమం ప్రకారం అతనికే రావాలి. తప్పంతా ఆ నియమానిదే. కప్పు తెచ్చిన మూడు సేవ్‌లు క్లీన్ షీట్ల ఖాతాలో ఎక్కడా జమ కావు.

కొలవడానికి వేరే దారి లేదా అంటే, ఉంది. స్పెయిన్‌లో జమోరా ట్రోఫీకి గోల్స్‌ని మ్యాచ్‌లతో భాగిస్తారు. డిఫెన్స్ పుణ్యం అక్కడా కీపర్ ఖాతాలోకే వెళుతుంది గానీ, కనీసం ఏడు పడితే ఏడూ లెక్కకొస్తాయి. గోల్‌పైకి వచ్చిన ప్రతి షాట్‌నూ ఆపడం ఎంత కష్టమో ఇప్పుడు గణాంకాల కంపెనీలు లెక్కగట్టి ఇస్తున్నాయి. క్లబ్బులు కీపర్‌ని కొనేముందు అవి చూస్తున్నాయి. అవార్డు ఇచ్చేవాళ్లకే ఆ తీరిక దొరకడం లేదు.

కాబట్టి లీగ్ పెద్దలకు ఒక విన్నపం. గ్లవ్‌కి ఐదు వేళ్లు. మామూలుగా డిఫెండర్లు నలుగురు, కీపర్‌తో కలిపి ఐదుగురు. ఈసారి తలా ఒక వేలు కోసి పంచండి. బొటనవేలు కీపర్‌కే ఇవ్వండి, మాకేమీ అభ్యంతరం లేదు.