మ్యాచర్ రాని కారు

మొన్నమొన్నటిదాకా మా కారు వస్తున్నదని తెలియడానికి హారన్ అక్కర్లేకపోయేది, ఒక అద్దం దించితే చాలు. ముందున్న బైకాయన ముందు తన చెప్పుల అడుగు చూసుకునేవాడు, తర్వాత పక్కనున్న మోరీని చూసేవాడు, ఆ తర్వాత మాకు దారి ఇచ్చేవాడు.

నంబరు ప్లేటు మీద ఏపీ 15 అని ఉంటుంది. ఉమ్మడి కరీంనగర్ జిల్లా నాటి బండి అన్నమాట. 2014లో రాష్ట్రం వచ్చింది, టీఎస్ అయింది. 2016 దసరా నాడు జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేర్వేరు జిల్లాలయ్యాయి. 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చింది. బయట ఇన్ని మారినా పట్టించుకోని బండిలో, మొన్నటి వానాకాలం లోపల్లోపలే ప్రభుత్వం మారింది. సీటు బెల్టు అంచున తెల్ల బూజు, స్టీరింగు కింద పచ్చ బూజు, వెనక సీటు మూలల్లో నల్ల బూజు. మూడు రంగులు కలిసి సంకీర్ణం ఏర్పాటు చేశాయి. ప్రతిపక్షం లేదు.

మా ఆవిడ తొలినాడే తీర్పు చెప్పింది: "ఇండ్ల ఎలుక సచ్చింది." చచ్చిన ఎలుకకైనా ఒక పద్ధతి ఉంటుంది, పది రోజులకు పీడ వదిలిస్తుంది. ఇది వదల్లేదు. చుట్టాలు పాపం మర్యాదస్తులు, ముఖం మీద ఏమీ అనరు. కోరుట్లలో పెళ్లికి పోతూ రమ్మంటే మా పెద్దబాపు "నాకు బస్సే అలవాటు బిడ్డా" అన్నాడు. ఆయన బస్సెక్కి ఎన్నేండ్లయిందో ఆర్టీసీ వాళ్లే చెప్పాలి.

నిజానికి ఈ కారు చేసిన పుణ్యమే దాని కొంప ముంచింది. ధర్మపురిలో గోదావరి స్నానం, వేములవాడలో ధర్మగుండం స్నానం, ఏ యాత్రకైనా మా వాడకట్టుకు ఇదే బండి. 2015 జులైలో పుష్కరాలొచ్చినప్పుడైతే పన్నెండు రోజులూ దీనికి తీరిక లేదు. దిగేటప్పుడు పొడిబట్టలు, ఎక్కేటప్పుడు తడిబట్టలు. పుణ్యం మనుషులు పంచుకున్నారు, నీళ్లు కారుకు వదిలారు.

మందులకు మాత్రం కొదువ లేదు. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన ఎదురింటి తమ్ముడు ఊదు అత్తరు తెచ్చి నాలుగు చుక్కలు చల్లాడు. "షేకుల కార్లల్ల గిదే కొడుతరన్నా" అన్నాడు. కొడతారేమో గానీ, షేకుగారి ఇంటి ముందర వారం రోజుల ముసురు పట్టదు. అత్తరు తన వాసన తాను ఇచ్చింది, బూజు తన వాసన తాను ఇచ్చింది. రెండూ ఒకే సీట్లో సర్దుకొని కూర్చున్నాయి. మా అత్తమ్మ డాంబర్ గోలీలు వేయమంది. వేశాక కారు బీరువా అయింది, తలనొప్పి అదనం. ఊదుబత్తి వెలిగించిన రోజు పక్కింటివాళ్లు పూజ ఏమిటని అడిగి, ప్రసాదం కోసం కాసేపు నిలబడి వెళ్లారు.

అత్తరుకు లొంగకపోవడానికి కారణం ఉంది. బూజు వాసన దాని ఒంటిది కాదు, అది తిన్న తిండి తాలూకు తేన్పు. తడిసిన గుడ్డ, దుమ్ము, ఒలికిన చాయ్, బిస్కెట్ పొడి తింటూ గాలిలోకి వదిలే ఆవిర్లే మనకు ముక్కిన వాసనగా తగులుతాయి. తిన్నన్నాళ్లూ తేన్పులు ఆగవు. దాని బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. తడి దొరికిందా, ఒకటి రెండు రోజుల్లో మొలుస్తాయి. దొరకకపోతే పడుకుంటాయి. ఇంకో విచిత్రం, తొలకరి చినుకు పడ్డప్పుడు వచ్చే మట్టివాసనకు మూలమైన జియోస్మిన్ అనే పదార్థాన్ని కొన్ని రకాల బూజులూ తయారుచేస్తాయి. లక్ష కోట్ల పాళ్ల నీళ్లలో పది పాళ్లున్నా మనిషి ముక్కు దాన్ని పట్టేస్తుందట. పొలంలో ఆ వాసన వస్తే కవిత్వం రాస్తాం, కారులో వస్తే మెకానిక్ దగ్గరికి పోతాం.

కానీ నాకు దారి చూపింది మెకానిక్ కాదు. తడితోనే బతుకు వెళ్లదీసే ముగ్గురు మనుషులు.

మొదటివాడు జగిత్యాల పక్క ఊళ్లో వ్యవసాయం చేసే మా బామ్మర్ది. కోతలైపోయి వడ్లు రోడ్డు మీద ఆరబోసి కూర్చున్నాడు. కొనుగోలు కేంద్రంలో తేమ, అదే మ్యాచర్, 17 శాతం దాటితే కాంటా పెట్టరు. మిషన్‌లో గుప్పెడు గింజలు పోసి అంకె చూసేసరికి రైతుకు పరీక్ష ఫలితాల రోజే. వాడు మా కారు తలుపు తీసి, మళ్లీ మూసి, దూరం జరిగి అన్నాడు: "బావా, నీ కారుకు మ్యాచర్ రాలే. ఇరవై అయిదుకు తక్కువుండదు. దీన్ని ఎవ్వడు కొనడు."

రెండో గురువు కోరుట్లలో బీడీలు చేసే మా చిన్నమ్మ. ఆమెది తడిని లెక్కతో వాడే విద్య. తునికాకు ఎండుగా ఉంటే కత్తెర పెట్టగానే పెళపెళ విరుగుతుంది. అందుకని నీళ్లలో తడిపి, తడిబట్టలో మూటకట్టి, మెత్తబడ్డాక కత్తిరిస్తుంది. తడి ఎక్కువైతే ఆకుకు బూజు. చుట్టిన బీడీలో తడి మిగిలినా కష్టం వృథా. ఆమె కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, కాళ్లు పెట్టే చోట మ్యాట్ ఎత్తి, ముక్కు పెట్టి, ముందు సీటు ఎడమ పక్కన వేలు నొక్కింది. వేలు తడిసింది. "వాసన ఎంబడి పడితే ఏమొస్తది కొడుకా? నీళ్లు యాడికెల్లి ఒస్తున్నయో చూడు. మీదికెల్లి అత్తరు గొడితే లోపట ఆరుతదా?"

నీళ్లు వచ్చేది రెండు దారుల్లో అని గ్యారేజీలో ఉస్తాద్ తేల్చాడు. ఒకటి, ఏసీ లోపల గాలి చల్లబడేచోట పట్టిన నీరు కిందికి కారిపోయే సన్న పైపు. దుమ్ముతో పూడిపోయి, రోడ్డు మీద పడాల్సిన నీళ్లు కార్పెట్ కిందికి చేరుతున్నాయి. రెండోది, ముందు అద్దం అడుగున బానెట్ దగ్గరుండే కాలువ. మా ఇంటి వేపచెట్టు నీడకు మురిసి ఏండ్ల తరబడి బండిని అక్కడే నిలిపాం. చెట్టు తన ఆకులతో ఆ కాలువకు కట్ట పోసింది. కాళేశ్వరం కట్టిన ప్రాంతంలో చెట్లకూ ఇంజినీరింగ్ అబ్బినట్టుంది. ఉస్తాద్ పైపులోకి గాలి కొట్టగానే కింద నీళ్లు ధారగా పడ్డాయి. చూస్తున్న పిల్లలు చప్పట్లు కొట్టారు.

మూడో గురువు సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే నా దోస్తు, ఆసామి. 2021 సెప్టెంబరులో సిరిసిల్ల వీధుల్లో వరద పారినప్పుడు అతని కారులోకీ నీళ్లొచ్చాయి, కనుక ఈ విద్యలో పట్టా ఉంది. "సీట్లు ఇప్పు, కార్పెట్ లేపు. అది ఆడ ఉండంగ ఆరది" అన్నాడు ఫోన్లోనే. నమ్మకం చాలక తనే వచ్చాడు. కార్పెట్ కింద మందపాటి దిమ్మె కనిపించగానే వృత్తి నిద్ర లేచింది. పీచు లాగి, వేళ్ల మధ్య నలిపి, "గిది గుడ్డపీలికల దిమ్మె రా! పాత బట్టలు చీరి చేసిండ్రు. కాటన్ కలిసింది" అన్నాడు. గంజి పెట్టిన కాటన్ నూలు ముసురు రోజుల్లో ఆరకపోతే బూజు పడుతుంది, పాలిస్టర్ జోలికి అది అంతగా రాదు. మా సీటు కవర్ కృత్రిమ గుడ్డే, కానీ దాని మీద మేం పోసిన చాయ్ అసలైనది. బూజుకు కింద భోజనం, మీద టిఫిను.

సీట్ల కింద తవ్వకాల్లో బయటపడినవి: పుష్కరాల నాటి పసుపు దారం, ఒక్కటే మిగిలిన చంటిపిల్ల చెప్పు, ఏ దేవుడికి కొట్టిందో తెలియని కొబ్బరిచిప్ప, ఒక పాత 500 నోటు. చిప్ప మీద గజం బూజు. నోటు మీద చుక్క కూడా లేదు. 2016 నవంబర్ 8 తర్వాత దాన్ని బూజు కూడా తీసుకోవడం మానేసినట్టుంది.

మిగతా వైద్యం చౌక. ముక్కుకు కరోనా కాలం నాటి మాస్కు, ఎందుకంటే దులిపితే బీజాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఆయాసం ఉన్నవాళ్లకు మరీ చేటు. తెల్ల వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి ప్లాస్టిక్, రబ్బరు భాగాలన్నీ తుడవాలి. ఆరిన తర్వాత సీట్ల మీద తినే సోడా చల్లి, ఒక రాత్రి ఉంచి, వాక్యూమ్ పట్టాలి. రెండూ ఒకేసారి వాడకూడదు, ఒకదాన్నొకటి తినేసి నురగ మాత్రం మిగులుతుంది. కిరాణా కొట్టులో నాలుగు వెనిగర్ సీసాలు అడిగితే షావుకారు సంతోషించాడు: "నూడిల్స్ బండి పెడుతున్రా సారూ?" రెండు రోజులు కారులో మంచూరియా వాసన వచ్చిన మాట నిజం. పెద్దబాపు మొదటిసారి ఆసక్తిగా లోపలికి తొంగిచూశాడు.

కార్పెట్, దిమ్మె, సీట్లు బామ్మర్ది వడ్ల పక్కన రోడ్డు మీద ఆరబెట్టాం. వాడు వడ్లను కాలితో కలియదున్నుతూ, అటు తిరిగినప్పుడల్లా మా కార్పెట్‌నూ తిరగేశాడు. పోయేవాళ్లు ఊరుకుంటారా? "కారుకు మద్దతు ధర ఎంత వెట్టిండ్రే?" "దొడ్డుదా, సన్నదా?" అబద్ధమెందుకు, ఆ నాలుగు మాటలూ పడ్డాకే అది పూర్తిగా ఆరింది.

ఇప్పుడు వాసన లేదు. రాకుండా ఉండటానికి ఊరు ఇంకా కాస్త దూరం ఉండగానే ఏసీ ఆపి, ఫ్యాను ఒక్కటే తిప్పుతాను. లోపలి తడి ఆరుతుంది. నాకు పిసినారి అని పేరొచ్చింది, ఫరవాలేదు. బండిని వేపచెట్టు కింద నుంచి ఎండకు మార్చాను. ఇంకొక నియమం పెట్టాను: గోదావరిలో మునిగినవాళ్లు ఒళ్లు, జుట్టు ఆరేదాకా కారెక్కకూడదు.

మొన్న ధర్మపురిలో దాన్ని అమలు చేసే పని బామ్మర్దికి అప్పజెప్పాను. మా అత్తమ్మను మెట్ల మీద ఎండలో కూర్చోబెట్టి, జడ కొస పిండి చూసి, "ఇంక మ్యాచర్ రాలే, ఆగు" అన్నాడు.

"ఏందిరా, మమ్మల్ని వడ్లను జేసిండ్రా?" అంది అత్తమ్మ.

"వడ్లే నయమవ్వా. ఎండల వోస్తే ఎదురు మాట్లాడయి."