చేబదులు పెద్దరికం

1860ల నాటి పారిస్‌లో ఫొటో స్టూడియోల మెట్లెక్కిన వారిలో, వ్యాపారంలో నాలుగు డబ్బులు వెనకేసుకుని, తాతముత్తాతల నుంచి రావలసిన గౌరవాన్ని ఒక్క మధ్యాహ్నంలో సంపాదించదలచిన పెద్దమనిషి ఒక ప్రత్యేక జాతికి చెందినవాడు. తైలవర్ణ చిత్రానికి నెలల తరబడి కూర్చునే తీరిక గానీ, చిత్రకారుడికి ముట్టజెప్పే ఉదారత గానీ లేని ఇతడికి, 1854లో ఫొటోగ్రాఫర్ దిస్దేరి పేటెంటు పొందిన ‘కార్ట్ ద విజిట్’, అనగా ఒకే గాజుపలకపై సాధారణంగా ఎనిమిది బొమ్మలు తీసి, వాటిని కాగితంపై ముద్రించి, కత్తిరించి, విజిటింగ్ కార్డంత అట్టలకు అతికించే చౌక పద్ధతి, పెద్దరికాన్ని డజన్ల లెక్కన అందజేసింది.

స్టూడియో గాజు పైకప్పు కింద ఇతడి కోసం ఉద్యానవనం గీసిన తెర, బరువైన పరదా, తివాచీ మీద మొలిచిన పాలరాతి స్తంభమనిపించే ఉత్తుత్తి స్తంభం సిద్ధంగా ఉండేవి. జమాఖర్చుల పుస్తకం తప్ప మరొకటి తెరవని చేతికి తోలు అట్టల గ్రంథం ఇవ్వగానే, ఇతడు చదువు మధ్యలో ఎవరో పిలిస్తే ఆగినట్టు పేజీల నడుమ వేలు దూర్చి, దూరంగా దృష్టి సారించేవాడు. కొన్ని సెకన్లపాటు కదలకుండా ఉండక తప్పదు గనుక, తలను వెనుకనుంచి పట్టి ఉంచే ‘హెడ్ రెస్ట్’ అనే ఇనుప ఊతను బిగించేవారు. బంధువులు ఆ నిటారుతనాన్ని ఆత్మాభిమానమని మెచ్చుకునేవారు గానీ, కార్డును కాస్త దగ్గరగా చూస్తే బూట్ల వెనుక మూడో కాలులా ఆ స్టాండు అడుగుభాగం తొంగిచూస్తుంది. పైగా కొలోడియన్ అనే రసాయనపు పూత పూసిన పలక నీలికాంతికే ఎక్కువగా స్పందించి ఎరుపును నల్లగా చూపేది కాబట్టి, ద్రాక్షసారాతో ఎర్రబారిన ముక్కు బొమ్మలో నల్లబడి, గ్రంథం చెప్పిన అబద్ధానికి ఎదురుసాక్ష్యం పలికేది.

ఇంటి ఆల్బంలో మూడో నెపోలియన్ చక్రవర్తి కార్డు పక్కనే తన కార్డును దోపుకుని మురిసిపోయే ఇతడు, అదే స్తంభాన్ని ఆనుకుని, అదే గ్రంథంలో వేలు పెట్టిన పొరుగు వ్యాపారి కార్డు చేతికి రాగానే, జనానికి అనుకరణ ఎక్కువైపోయిందని వాపోయేవాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కార్టు పద్ధతిని ఊరూరా అందరూ అనుకరించడంతో ధరలు పడిపోయాయి, ఇంతమందికి పెద్దరికం అమ్మిన దిస్దేరి 1889లో పేదరికంలో మరణించాడు.