చక్రం నేల విడవకూడదు

మెకానిక్కులు నన్ను షాకప్ అంటారు. డౌన్‌హిల్ సైకిల్ ఫ్రేమ్ నడుమ, సీటు కింద ఏటవాలుగా ఉంటాను. పైన కాయిల్ స్ప్రింగు, లోపల నూనె, పక్కనే అంటుకుని ఉన్న చిన్న సిలిండర్‌లో నైట్రోజన్. నా పొడవు 250 మిల్లీమీటర్లు. అందులో 75 మిల్లీమీటర్లు ముడుచుకోగలను. నేను ఆ 75 ముడుచుకునేలోగా వెనక చక్రం 200 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. అందువల్ల చక్రం మీద పడ్డ బరువు నా దగ్గరికి వచ్చేసరికి రెండున్నర రెట్లు దాటుతుంది. నా కష్టసుఖాలన్నీ ఈ లెక్క చుట్టూనే తిరుగుతాయి.

కుదుపు తెలియకుండా చేయడానికే నన్ను పెట్టారని చాలామంది అనుకుంటారు. కుదుపు తగ్గుతుంది, నిజమే. అయితే నాకు అంతకన్నా ముఖ్యమైన పని చక్రాన్ని నేలకు అంటిపెట్టి ఉంచడం. గాలిలో ఉన్న చక్రానికి బ్రేకు పట్టదు, మలుపు తిరగదు. కొండ దిగేవాడి ప్రాణం అరచేతి వెడల్పు కూడా లేని ఆ టైరు ముద్ర మీద ఆధారపడి ఉంటుంది.

నా వంశం మోటార్‌సైకిళ్లది. 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కొండల్లో పాత బరువు సైకిళ్ల మీద దిగుడు పందేలు మొదలైనప్పుడు మేము లేము. నడిపేవాడి మోకాళ్లూ మోచేతులే ఆ దెబ్బలన్నీ తిన్నాయి. 1990లో అమెరికాలోని డ్యురాంగోలో మౌంటెన్ బైక్ తొలి ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగే నాటికి మోటార్‌సైకిల్ వాళ్ల చూపు సైకిల్ వెనక భాగం మీద పడింది. రేసర్ మెర్ట్ లావిల్ రూపొందించిన వెనక సస్పెన్షన్ గ్యారీ ఫిషర్ సైకిళ్లకు వచ్చింది. మోటోక్రాస్ నుంచి వచ్చిన హోర్స్ట్ లైట్నర్ వెనక ఇరుసుకు కాస్త ముందు, కింది కడ్డీలో ఒక కీలు పెట్టాడు. బ్రేకు పట్టినప్పుడు కూడా వెనక భాగం బిగుసుకుపోకుండా ఆడడానికి అది తోడ్పడింది. నేనున్న ఫ్రేమ్‌లో ఉన్నది ఆ కీలే.

నా మొదటి యజమాని బెంగళూరులో ఉండేవాడు. భారీ మనిషి. నా స్ప్రింగు మీద తెల్ల అక్షరాల్లో 450 అని ఉండేది. ఒక్క అంగుళం నొక్కాలంటే 450 పౌండ్ల బరువు కావాలని దాని అర్థం. అతని ఒంటికి అది సరిపోయింది. తర్వాత అతను సైకిల్ అమ్మేస్తే నేను బస్తర్ చేరాను.

బైలదిల్లా కొండల అంచున, రైలు మార్గం చివరి స్టేషన్ కిరండూల్. నన్ను కొన్న కుర్రాడు అక్కడి క్వార్టర్స్‌లో పుట్టి పెరిగాడు. వాళ్లది విజయనగరం వైపు కుటుంబం. తండ్రికి రైల్వేలో వ్యాగన్ల తనిఖీ పని. బైలదిల్లాలో ఎన్‌ఎండీసీ తవ్వకం 1968లో మొదలైంది. ఆ ఇనుప ఖనిజం కొత్తవలస–కిరండూల్ లైను మీదుగా కనుమలు, సొరంగాలు దాటి విశాఖ రేవుకు చేరి, అక్కడినుంచి జపాన్‌కు వెళ్లేది. ఆ లైను పట్టుకుని ఉత్తరాంధ్ర నుంచి పనుల కోసం వచ్చిన కుటుంబాలు ఎన్నో. అందుకే ఆ ఊళ్లో తెలుగు వినడం నాకు కొత్త కాలేదు.

కుర్రాడు నన్ను మొదట దింపిన బాట ఊరికి ఎడంగా ఉంది. గని సరిహద్దుకు దూరంగా, మద్ది, ఇప్ప చెట్ల మధ్య దిగుతుంది. పైన గట్టి ఎర్ర మొరం, గుండ్రటి గులకలు. మధ్యలో దారికి అడ్డంగా వరసగా మద్ది వేళ్లు. కింద వాగు దగ్గర జిగురుమట్టి. ఇది గోండు పల్లెల వాళ్లు సంతకు నడిచే దారి. తలమీద గంపలతో ఆడవాళ్లు ఎదురైతే అతను సైకిల్ దిగి పక్కకు తప్పుకుని నిలబడతాడు. వాళ్లు రాలిన ఇప్పపూలు ఏరుకునే మార్చి, ఏప్రిల్ పొద్దుటి పూటల్లో ఆ వైపుకే రాడు. ఆ పద్ధతి నాకు ఎంతో నచ్చింది. బాట ముందు వాళ్లది, ఆ తర్వాతే మాది.

మద్ది వేళ్ల దగ్గర నా పరువు పోయేది. మొదటి వేరుకు చక్రం ఎగిరితే రెండో దాన్ని తాకకుండానే మూడో దాని మీద పడేది. ఒకసారి తండ్రి చూడడానికి వచ్చాడు. వర్షం వెలిసిన మర్నాడు, మట్టి మెత్తగా ఉంది. కొడుకు దిగిపోయాక ఆయన వేళ్ల మధ్య కూర్చుని టైరు గుర్తు చూశాడు. ఒక జానెడు గుర్తు, తర్వాత ఏమీ లేదు, మళ్లీ లోతుగా దిగబడ్డ గుర్తు.

"ఏట్రా ఇది? ఖాళీ వ్యాగన్ లాగ గెంతుతోంది!" అన్నాడు.

ఆ మాట అన్నది నలభై ఏళ్లుగా వ్యాగన్ బోగీల కింద దూరిన మనిషి. ఆ బోగీల్లోనూ కాయిల్ స్ప్రింగులే, వాటి ఊపును అణచడానికి రాపిడి చీలికలు. నిండా ఖనిజంతో విశాఖకు దిగేటప్పుడు ఒదిగి, నిలకడగా పోతుంది వ్యాగన్. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు అవే స్ప్రింగులు ముడుచుకోవు, అదురుతూ వస్తుంది. భారీ మనిషి కోసం చేసిన స్ప్రింగు మీద బక్కపలచని కుర్రాడు కూర్చుంటే నేనూ అంతే.

ఇంటికొచ్చి ఇద్దరూ నన్ను కొలిచారు. కుర్రాడి బరువు 62 కిలోలు, హెల్మెట్, మోకాలి కవచాలు, నీళ్లసంచితో కలిపి 68. గోడ పట్టుకుని పెడల్స్ మీద, కొండ దిగే భంగిమలో నిలబడ్డాడు. తండ్రి నా రెండు బోల్టుల నడుమ దూరం వెర్నియర్‌తో చూశాడు. 250 ఉండాల్సింది 235కి వచ్చింది. అంటే కేవలం 15 మిల్లీమీటర్లు కుంగాను, నా మొత్తంలో ఐదో వంతు. డౌన్‌హిల్‌కు దాదాపు 30 శాతం కుంగాలి. దీన్నే శాగ్ అంటారు. ఆ కుంగుడు ఎందుకంటే, గుంత వచ్చినప్పుడు చక్రం కిందికి సాగి నేలను అందుకోవాలి. ముందే కుంగి ఉంటేనే కదా సాగడానికి చోటుండేది!

పైనున్న రింగు వదులు చేస్తే మెత్తబడతాను కదా అని కుర్రాడు అడిగాడు. మెత్తబడను. ఆ రింగు స్ప్రింగు కదలకుండా పట్టి ఉంచడానికే. 450 స్ప్రింగు ఎంత వదులు చేసినా 450గానే ఉంటుంది, మరీ వదులైతే గలగలమంటుంది. మార్చాల్సింది స్ప్రింగునే. లెక్క వేస్తే 300 తేలింది. విశాఖ నుంచి వచ్చే రాత్రి రైల్లో ఒక బంధువు దాన్ని పట్టుకొచ్చాడు. బిగించి మళ్లీ కొలిస్తే 228. అంటే 22 మిల్లీమీటర్లు, ఇంచుమించు 29 శాతం. ఆ రోజు నాకు కొత్త ఊపిరి వచ్చింది.

అయినా వేళ్ల మీద పని సగమే కుదిరింది. ఇప్పుడు చక్రం ఎగరడం మానింది కానీ, నాలుగో వేరు దగ్గరికి వచ్చేసరికి నేను లోపలికి కూరుకుపోయి, చెక్కలా గట్టిపడేవాణ్ని. కారణం రీబౌండ్. ముడుచుకున్నాక ఎంత వేగంగా తిరిగి సాగాలో నిర్ణయించే నూనె దారి అది. 450 స్ప్రింగు బలంగా తంతుంది కాబట్టి పాత యజమాని ఆ దారిని బాగా బిగించి ఉంచాడు. మెత్తటి స్ప్రింగుకు అంత బిగింపు పెడితే ఒక వేరు దెబ్బ నుంచి పూర్తిగా సాగకముందే ఇంకో వేరు వచ్చి మీద పడుతుంది. కుర్రాడు ఎర్ర నాబ్‌ను ఒక్కో క్లిక్కు తెరుస్తూ, అదే ముక్క బాటను మళ్లీ మళ్లీ దిగాడు. ఒకసారికి ఒకటే మార్చేవాడు. రెండు నాబులు ఒకేసారి తిప్పితే ఏది పనిచేసిందో తేల్చడం బ్రహ్మతరం కూడా కాదు. మరీ ఎక్కువ తెరిస్తే ఎగుడు చోట వెనక భాగం పైకి తన్ని మనిషిని హ్యాండిల్ మీదికి తోస్తుంది. ఆ రెండింటి నడుమ ఉన్న చోటు దొరికిన నాడు తండ్రి మళ్లీ వచ్చి చూశాడు. వేళ్ల మధ్య టైరు గుర్తు తెగకుండా, ఒకే లోతున ఉంది.

ముడుచుకునేటప్పుడు నూనె పెట్టే అడ్డు, అంటే కంప్రెషన్ సంగతి కొద్దిగా చెబుతాను. అందులో లో స్పీడ్, హై స్పీడ్ అని రెండు నాబులు. ఆ వేగం సైకిల్‌ది కాదు, నాలో లోపలికీ బయటికీ జారే కడ్డీది. బ్రేకు పట్టినప్పుడు, మలుపులో ఒరిగినప్పుడు కడ్డీ నెమ్మదిగా కదులుతుంది. రాయి తగిలితే చటుక్కున దూసుకొస్తుంది. గులకల మీద కాలు అదురుతుంటే హై స్పీడ్ తెరవాలి. మలుపులో వెనక మరీ కుంగితే లో స్పీడ్ కాస్త బిగించాలి. ఇవన్నీ తాకే ముందు టైరు గాలి చూడాలి. టైరులో గాలి రాయిలా నింపి నన్ను తిట్టేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్ల మీద నాకు కోపం లేదు, గేజి పెట్టి చూడమని వేడుకోలు మాత్రమే.

ఇనుప ఖనిజం కలిసిన బస్తర్ దుమ్ము నాకు అసలైన శత్రువు. ఐరన్ ఆక్సైడ్ మెత్తటి పొడిని లోహాలకు, అద్దాలకు నునుపు పెట్టడానికి వాడతారు. అలాంటి పొడి నా కడ్డీ మీద నూనెతో కలిసి పేరుకుంటే సీలు అరిగిపోతుంది. అందుకే దిగిన ప్రతిసారీ మెత్తటి గుడ్డతో కడ్డీ తుడవాలి. సర్వీసింగ్ సెంటర్ పైపుతో సీలు మీదికి నీళ్లు కొట్టకూడదు. వానాకాలం దాటాక ఫ్రేమ్ కీళ్ల బేరింగులూ చూడాలి. తండ్రి ఒక మంచి పద్ధతి పట్టాడు. నా స్ప్రింగు విప్పేసి, వెనక చక్రాన్ని చేత్తో పైకీ కిందికీ ఆడిస్తాడు. ఎక్కడైనా పట్టేసినట్టు, ఇసుక నలిగినట్టు అనిపిస్తే బేరింగు పోయినట్టే. బిగించాక సీటు పట్టుకుని పైకి లేపినప్పుడు టక్కుమంటే బుష్ అరిగినట్టు. ఆ రెండు పనులూ జగదల్‌పూర్‌లో బైక్ మెకానిక్ దగ్గర అయిపోతాయి. లోపలి నూనె, నైట్రోజన్ మాత్రం ఆ పరికరాలున్న చోటికే పంపాలి. గ్యాస్ వదలకుండా విప్పితే ముక్కలు మనిషి ముఖం మీదికి ఎగురుతాయి.

ఇప్పుడు పక్క క్వార్టర్ అమ్మాయి కొండ దిగడం నేర్చుకుంటోంది. సరంజామాతో కలిపి ఆమె బరువు 54 కిలోలు. సైకిల్ ఇచ్చే ముందు కుర్రాడు ఆమెను గోడ పట్టుకుని నిలబడమన్నాడు, తండ్రి వెర్నియర్ తీశాడు. 17 మిల్లీమీటర్ల పైన కాస్త వచ్చింది. "చాలదమ్మా, 250 స్ప్రింగు తెప్పించాలి" అన్నాడాయన. అది వచ్చేదాకా ఆమెను వేళ్ల బాటకు పంపకుండా, వాగు దగ్గరి మెత్తటి మట్టిలో బ్రేకు పట్టడం నేర్పుతున్నారు.